తెర మీది మాట

చెప్పేవాడు, వినేవారు, వారి నడుమ ఒక చిత్రం. ఈ ముప్పేట కలయిక తెలుగునేలకు కొత్తది కాదు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాశీ చిత్రకారులు తరతరాలుగా కథాపటాలను చిత్రిస్తున్నారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి పట్టించి, ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద పురాణ ఘట్టాలను వరుసగా దిద్దుతారు. ఆ పటాల ఆధారంగా కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని వినిపిస్తారు. కథకుడు పటం చుట్టను కొద్దికొద్దిగా విప్పుతూ, చేతికర్రతో బొమ్మను చూపుతూ, పాడుతూ, నడుమ నడుమ మాటలాడుతూ కథ నడిపిస్తాడు. అతడు చెప్పబోయే మాటలు పటం మీద అక్షరాలుగా ఉండవు. బొమ్మ చూపవలసినది బొమ్మ చూపుతుంది, గొంతు చెప్పవలసినది గొంతు చెబుతుంది. ఇంకా చెప్పని ఘట్టం చుట్టలోనే దాగి ఉంటుంది. కనుక ప్రేక్షకుని చూపు కథకుని మాటకంటే ముందుకు పరుగెత్తదు.

నేడు తరగతి గదిలో, కార్యాలయంలో, వైద్యుల సదస్సులో, అధికారుల సమీక్షా సమావేశంలో ఈ పటం స్థానాన్ని స్లైడు ఆక్రమించింది. పదిహేడవ శతాబ్దపు ఐరోపాలో గాజుపలకల మీద బొమ్మలు గీసి, దీపకాంతి సాయంతో గోడ మీద చూపిన మాయాదీపం దీనికి పూర్వరూపం. పలకను పక్క నుంచి జరుపుతూ చూపేవారు కనుక దానికి స్లైడు అన్న పేరు స్థిరపడింది. ఆ తరువాత ఫిల్ము స్లైడులు వచ్చాయి. పారదర్శక పత్రాలు వచ్చాయి. 1987లో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్‌ల కృషి ఫలితంగా ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థ పవర్‌పాయింట్‌ను ఆపిల్ మెకింటాష్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 1 కోటి 40 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. తొలి పవర్‌పాయింట్‌లో రంగులు లేవు. నలుపు తెలుపుల పారదర్శక పత్రాలను ముద్రించుకొనడానికే అది ఉద్దేశింపబడినది. కంప్యూటరు నుంచి నేరుగా తెరమీదికి చూపే ప్రొజెక్టర్లు వ్యాపించిన తరువాత పాత పరికరాలు మూలబడ్డాయి. 2004లో కొడాక్ సంస్థ స్లైడు ప్రొజెక్టర్ల తయారీనే నిలిపివేసింది.

పనిముట్టు సులువైన కొద్దీ దానిని దుర్వినియోగం చేయడమూ సులువైనది. స్లైడు మీద తోచినదంతా నింపి, దానిని చదివి వినిపించడమే ప్రసంగమని చాలామంది భ్రమిస్తున్నారు. శ్రోతలకు విసుగు పుట్టడం ఒక్కటే దీనివల్ల కలిగే నష్టమైతే అంతగా చింతించవలసిన పని లేదు. కాని చెప్పవలసిన ప్రాణాంతకమైన విషయం స్లైడులో అట్టడుగున అణగిపోయిన సందర్భం ఒకటి చరిత్రకెక్కింది.

2003 జనవరి 16న అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన కొలంబియా నౌక ఏడుగురు వ్యోమగాములతో నింగికెగసింది. వారిలో హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా ఒకరు. అది ఆమెకు రెండవ అంతరిక్ష యాత్ర. నౌక బయలుదేరిన 82 సెకన్లకు బయటి ఇంధనపు ట్యాంకు మీద నుంచి తేలికపాటి నురుగు పదార్థపు ముక్క ఒకటి ఊడి, అతివేగంతో ఎడమ రెక్కను తాకింది. దాని బరువు ముప్పావు కిలో మాత్రమే. అయినా తాకిన వేగం గంటకు 800 కిలోమీటర్లకు పైబడినది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, ఆ దెబ్బవల్ల రెక్కకు ఎంత హాని జరిగి ఉంటుందో ఇంజనీర్లు లెక్కలు వేసి, స్లైడుల రూపంలో నాసా అధికారులకు నివేదించారు.

వాటిలోని ఒక స్లైడును తరువాతి కాలంలో విచారణ సంఘం తన నివేదికలో ప్రత్యేకంగా పేర్కొన్నది. గణాంకాల చిత్రణలో నిపుణుడైన ఎడ్వర్డ్ టఫ్టీ దానిని పంక్తి పంక్తిగా పరిశీలించాడు. ఆ స్లైడు శీర్షిక భరోసా ఇచ్చే ధోరణిలో ఉన్నది. రక్షణ పలకలకు కలిగే హానిని లెక్కించే పద్ధతి జాగ్రత్త వైపే మొగ్గుతున్నదని పరీక్షల సమాచారం సూచిస్తున్నట్లు అది చెబుతున్నది. శీర్షిక కింద చుక్కలు, చుక్కల కింద గీతలు, గీతల కింద మళ్లీ చుక్కలు. చెప్పదలచిన విషయం ఇలా మెట్టు మెట్టుగా కిందికి దిగుతూ పోయింది. మెట్టు దిగిన కొద్దీ అక్షరం చిన్నదైనది. 'గణనీయం' అన్న అర్థమిచ్చే మాట ఆ ఒక్క స్లైడులోనే అయిదు సార్లు, ఒక్కొక్కచోట ఒక్కొక్క భావంతో కనిపిస్తుంది. ఒకే కొలమానాన్ని ఒకచోట ఒకరకంగా, మరొకచోట మరొకరకంగా రాశారు. ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చిట్టచివరి పంక్తిలో ఉన్నది. పరీక్షలలో వాడిన ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు; నౌకను తాకినట్లుగా అంచనా వేసిన ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి భాగించి చూస్తే 640 రెట్లు. మన వాడుకలో చెప్పాలంటే మొదటిది కాస్త పెద్ద నిమ్మకాయంత. రెండవది ఇళ్లకు తెచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఒకటిన్నర పట్టేటంత. నిమ్మకాయతో కొట్టి చూసిన పరీక్ష, నీళ్ల క్యాను తగిలితే ఏమవుతుందో చెప్పజాలదు. ఆ మాట స్లైడులో ఉన్నది. కాని ఎవరి కంటా పడే తీరున లేదు. అధికారులు ఆందోళన చెందలేదు. 2003 ఫిబ్రవరి 1న భూవాతావరణంలోకి తిరిగివచ్చే సమయంలో కొలంబియా టెక్సాస్ రాష్ట్రం మీదుగా ఆకాశంలోనే ముక్కలైంది. ఏడుగురూ మరణించారు. ఆ సంవత్సరం జూలైలో అటువంటి నురుగు ముక్కను అదే వేగంతో రెక్క అంచు పలక మీదికి ప్రయోగించి చూడగా, దాదాపు 40 సెంటీమీటర్ల రంధ్రం పడింది.

ప్రమాదానికి స్లైడే కారణమనడం సత్యదూరం. కారణం నురుగు ముక్క. అటువంటి ముక్కలు అంతకుముందు యాత్రలలో కూడా ఊడిపడినా పెద్ద హాని కలగకపోవడంతో, వాటిని మామూలు విషయంగా భావించే అలవాటు ఆ సంస్థలో పాతుకుపోయింది. ఇంజనీర్ల సందేహాలు పైవారికి చేరే దారులు సన్నగిల్లాయి. అయినప్పటికీ, అటువంటి స్లైడును చదివిన ఉన్నతాధికారి తన ముందున్నది ప్రాణాలకు సంబంధించిన విషయమని గ్రహించకపోవడంలో ఆశ్చర్యం లేదని విచారణ సంఘం అభిప్రాయపడింది. సాంకేతిక నివేదికలు రాయవలసినచోట స్లైడులతో సరిపెట్టుకొనడాన్ని అది తప్పుపట్టింది.

ఆ స్లైడును ఎలా రూపొందించి ఉండవలసినదో ఆలోచించడం విద్యార్థికి మంచి అభ్యాసం. శీర్షిక స్థానంలో ఒక పూర్తి వాక్యం: 'రెక్కను తాకిన ముక్క పరీక్షలలో వాడినదానికంటె 640 రెట్లు పెద్దది, ఈ పరీక్షలను నమ్ముకొని రెక్క క్షేమమని చెప్పలేము.' దాని కింద రెండు ఘనాలు, ఒకే కొలతప్రకారం గీసినవి. ఒకటి కనీకనిపించనంత, మరొకటి దానికి ఎన్నో రెట్లు పెద్దది. అంతే. మిగిలిన లెక్కలన్నీ కాగితం మీద ముద్రించి అధికారుల చేతికి ఇవ్వదగినవి. ఇటువంటి స్లైడును చూసిన తరువాత నిర్ణయం మారేదో లేదో ఎవరూ చెప్పలేరు. కాని 'మాకు తెలియలేదు' అనడానికి మాత్రం వీలుండేది కాదు.

ఈ ఉదాహరణ నుంచి మొట్టమొదట గ్రహించవలసినది శీర్షిక ప్రాధాన్యం. మన విద్యార్థుల సెమినార్లలో శీర్షికలు సాధారణంగా 'పరిచయం', 'కారణాలు', 'లక్షణాలు', 'నివారణ', 'ముగింపు' అని ఉంటాయి. ఇవి పెట్టెల మీద అంటించిన చీటీల వంటివి. పెట్టెలో ఏమున్నదో అవి చెప్పవు. ఒక విద్యార్థిని ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి ప్రసంగించదలచినదని అనుకుందాం. భారతదేశంలో ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ ప్రాంతం దీనివల్ల తరాల తరబడి బాధపడింది. 'కారణాలు' అన్న శీర్షికకు బదులు 'లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు ముప్పు' అని రాస్తే, ఆలస్యంగా వచ్చి వెనుక బల్ల మీద కూర్చున్నవాడికి సైతం సంగతి తెలిసిపోతుంది. శీర్షిక ఒక వాక్యమైనప్పుడు మరొక మేలు కూడా ఉన్నది. వాక్యం రాయాలంటే కర్త, క్రియ కావాలి. అంటే చెప్పేవారికి ముందుగా విషయం స్పష్టం కావాలి. ఏమి చెప్పాలో తేలనివారికే 'కొన్ని అంశాలు' వంటి శీర్షికలు అక్కరకు వస్తాయి.

ఆ శీర్షికలన్నిటినీ వరుసగా చదివితే ప్రసంగసారం వాటిలోనే తెలియాలి. ఈ పరీక్షకు నిలిచేటట్లు చేయడానికి సులభమైన మార్గం కంప్యూటరు తెరవకుండా పని ప్రారంభించడం. తెల్లకాగితాన్ని చిన్నచిన్న గడులుగా మడిచి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క వాక్యం పెన్సిలుతో రాసుకోవాలి. క్రమం కుదరనప్పుడు గడులను కత్తిరించి మార్చి పేర్చుకోవచ్చు. రంగులు, అక్షరాల సొగసులు కళ్లముందు లేవు కనుక మనసు విషయం మీదనే నిలుస్తుంది. కంప్యూటరు ముందు కూర్చున్న మరుక్షణం ఎందరో చేసే పని నేపథ్యచిత్రాన్ని ఎంచుకోవడం; గంట గడిచేసరికి పూలు, మబ్బులు సిద్ధమవుతాయి గాని ప్రసంగం సిద్ధం కాదు.

స్లైడు మీద ఎన్ని మాటలు ఉండాలన్నది తరువాతి ప్రశ్న. పంక్తికి ఇన్ని మాటలు, స్లైడుకు ఇన్ని పంక్తులు అని లెక్కలు చెప్పే సూత్రాలు అనేకం ప్రచారంలో ఉన్నాయి. వాటికంటె వాటి వెనుకనున్న కారణాన్ని తెలుసుకోవడం మేలు. మనిషి మనసులో చదువుకొనే వేగం పెదవితో పలికే వేగం కంటె ఎక్కువ. తెర మీద నిండుగా వాక్యాలుంటే శ్రోత వాటిని ముందుగానే చదివివేస్తాడు. వక్త అవే వాక్యాలను వెనుకబడి చదువుతున్నప్పుడు, కంటికి అందిన మాటా చెవికి అందుతున్న మాటా ఒకదానినొకటి అడ్డుకుంటాయి. అమెరికన్ మనోవిజ్ఞానవేత్త రిచర్డ్ మేయర్ విద్యార్థులపై జరిపిన ప్రయోగాలలో, బొమ్మకు మాటలను వినికిడి రూపంలో జోడించినప్పుడు నేర్చుకొనడం మెరుగుగా ఉన్నదని, అవే మాటలను అక్షరాలుగా కూడా తెరమీద చూపినప్పుడు సాధారణంగా తగ్గినదని తేలింది. మన ఆలంకారికులు పునరుక్తిని దోషమన్నారు. స్లైడును చదివి వినిపించే వక్త ఆ దోషాన్ని ప్రతి నిమిషమూ చేస్తున్నాడు. అయితే కొత్త పారిభాషిక పదాలు, పేర్లు, వినేవారికి పరాయిదైన భాషలోని మాటలు తెరమీద కనిపించడం అవసరమే. కంటితో చూడనిదే వాటి వర్ణక్రమం పట్టుబడదు.

బొమ్మలలో అన్నీ సమానం కావు. నల్లగొండ పద్ధతి పేరిట ప్రసిద్ధమైన నీటి శుద్ధి విధానాన్నే చూడండి. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీటిలో సున్నం, బ్లీచింగు పొడి, పటిక కలిపి, బాగా కలియబెట్టి, మడ్డి అడుగుకు దిగనిచ్చి, పైతేటను వడగడతారు. దీనిని ఆరు పంక్తుల వివరణగా రాసిన స్లైడుకంటె, వరుసగా పాత్రలు గీసి, ఏ పాత్రలో ఏది చేరుతున్నదో బాణపు గుర్తులతో చూపిన స్లైడు ఎన్నో రెట్లు మేలు. ఇంటర్నెట్టు నుంచి తెచ్చిన నవ్వుతున్న నీటిబొట్టు బొమ్మ మాత్రం ఏమీ చెప్పదు, స్థలం తింటుంది. ఒక బొమ్మను తీసివేసినా అర్థం చెడకపోతే ఆ బొమ్మను తీసివేయడమే సరి. ఇతరులు గీసిన, తీసిన చిత్రాలను వాడినప్పుడు వారి పేరును చిన్న అక్షరాలలో దాని కిందనే పేర్కొనడం మర్యాద. అనుమతి లేని చిత్రాలను వాడకపోవడం న్యాయం.

అంకెల విషయంలో ఇంకొంత జాగ్రత్త వహించాలి. విద్యార్థిని తన ఊరిలోని పది బోరుబావుల నీటిని పరీక్షింపజేసి ఫలితాలు సేకరించినదనుకుందాం. వాటిని పట్టికగా తెరమీద పరిచితే ఎవరికీ ఏమీ పట్టుబడదు. అవే ఫలితాలను పది నిలువు పట్టీలుగా గీసి, 1.5 మిల్లీగ్రాముల వద్ద ఒక అడ్డగీత గీస్తే, గీత దాటిన బావులేవో ఒక్క చూపులో తెలుస్తుంది. దాటిన పట్టీలకు ఒక రంగు, దాటని వాటికి మరొకటి చాలు. పట్టీలను సున్న నుంచే ప్రారంభించాలి. మధ్య నుంచి ప్రారంభిస్తే చిన్న తేడా కూడా పెద్దదిగా కనిపించి చూపరిని మోసగిస్తుంది. పట్టీలకు దిమ్మెల ఆకారం, నీడలు కల్పించే సదుపాయాన్ని ముట్టుకోకపోవడమే ఉత్తమం. దానివల్ల ఏ పట్టీ ఎంతవరకు లేచినదో తెలియకుండా పోతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడాను గుర్తించలేనివారు కొందరుంటారు కనుక ఆ రెండింటినీ జంటగా వాడకుండా, నీలం, నారింజ వంటి రంగులను ఎంచుకోవాలి.

తెలుగులో స్లైడులు తయారుచేసేవారు ఆంగ్ల పుస్తకాలలోని సూచనలను ఉన్నవి ఉన్నట్లుగా అనుసరిస్తే చిక్కులు వస్తాయి. రోమను లిపి అక్షరాలు చాలావరకు ఒకే వరుసలో కూర్చుంటాయి. తెలుగు అక్షరం అటు కాదు. దాని తల మీద తలకట్టు, గుడి, ఏత్వం, అడుగున వత్తులు. 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటలలో వత్తు కింద వత్తు చేరుతుంది. పంక్తుల నడుమ ఎడం చాలకపోతే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులలో చిక్కుకుంటాయి. కాబట్టి పంక్తికీ పంక్తికీ మధ్య ఎడం ఒకటిన్నర వంతు వరకు పెంచుకోవడం అవసరం. అక్షర పరిమాణం సాధారణ తరగతి గదికి 28 పాయింట్లకు తగ్గరాదు; శీర్షికకు 36 నుంచి 40 వరకు ఉండవచ్చు. చిన్న అక్షరాలలో మన లిపి పడే ఇబ్బందికి 'అర్థం', 'అర్ధం' అన్న జంట చక్కని ఉదాహరణ. మొదటిది భావం, రెండవది సగం. ఈ రెండింటి భేదమంతా ఒక వత్తులోని చిన్న చుక్కలో ఉన్నది. వెనుక బల్ల నుంచి ఆ చుక్క కనిపించకపోతే వాక్యార్థమే సగమైపోతుంది! అక్షరాలను మరీ లావు చేసినా అదే ప్రమాదం. వత్తుల లోపలి ఖాళీలు పూడుకొనిపోతాయి. రోమను లిపిలో వలె అక్షరాలను పక్కకు వంచడం తెలుగుకు నప్పదు. ఒక మాటను ప్రత్యేకించదలిస్తే రంగు మార్చడం చాలు.

మరొక చిక్కు ఫాంటులది. యూనికోడ్ విధానం వ్యాప్తిలోకి రాకముందు అచ్చుపనిలో పాతుకుపోయిన అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటరు లోపల నిజంగా తెలుగు అక్షరంగా నిలువ ఉండదు. ఆ ఫాంటు లేని మరొక కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని రోమను అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. సభలో వక్తకు ఇంతకంటె ఇరకాటం మరొకటి లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా యూఐ, ఉచితంగా లభించే నోటో సాన్స్ తెలుగు, మండలి వంటివి పాఠ్యానికి అనువైనవి. రామభద్ర వంటి లావుపాటి ఫాంటు శీర్షికలకు పనికివస్తుంది గాని పాఠ్యానికి పనికిరాదు. ఏ ఫాంటు వాడినా ప్రసంగానికి ముందు పీడీఎఫ్ రూపంలో ఒక ప్రతిని సిద్ధం చేసుకోవాలి. అందులో ఫాంట్లు ఇమిడిపోతాయి కనుక ఏ కంప్యూటరులోనైనా అక్షరాలు చెదరవు.

ఇక ఉపకరణాల సంగతి. పవర్‌పాయింట్ కొనవలసినది. లిబ్రే ఆఫీస్‌లోని ఇంప్రెస్ పూర్తిగా ఉచితం, ఇంటర్నెట్టు లేకున్నా పనిచేస్తుంది. గూగుల్ స్లైడ్స్‌లో నలుగురు విద్యార్థులు నాలుగు చోట్ల కూర్చొని ఒకే ప్రదర్శనను దిద్దుకోవచ్చు. కాన్వా వంటివి సిద్ధంగా ఉన్న నమూనాలను అందిస్తాయి. ఇటీవలి కాలంలో విషయం చెబితే చాలు, స్లైడులన్నీ తామే తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు కూడా వచ్చాయి. అవి అంకెలను, పేర్లను కల్పించి రాసే అవకాశమున్నది కనుక ప్రతి మాటనూ సరిచూసుకోవాలి. సభలో ప్రశ్న ఎదురైనప్పుడు జవాబు చెప్పవలసినది ఆ సాధనం కాదు. ఏ ఉపకరణమైనా చేయవలసిన పని ఒకటే కాబట్టి వీటి ఎంపిక గురించి ఎక్కువగా తర్కించడం కాలహరణం.

అక్షరాలు గిరికీలు కొడుతూ వచ్చి వాలడం, స్లైడు పేజీవలె తిరగడం, చప్పట్ల ధ్వని వినిపించడం వంటి హంగులు ఈ ఉపకరణాలన్నిటిలోనూ ఉన్నాయి. క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతీకరించాడు. కదలిక ఎక్కడ ఉచితమో ఆలోచిస్తే దాని స్థానం తెలుస్తుంది. నీటి శుద్ధి చిత్రంలో ఒక పాత్ర తరువాత మరొక పాత్ర కనిపించేటట్లు చేయడం ఉచితం. అది పటం చుట్టను విప్పడం వంటిదే. మిగిలిన విన్యాసాలు కాళ్లకు అడ్డుపడే గజ్జెలు.

వేదిక మీద వక్త తెరవైపు కాక సభవైపు తిరిగి నిలబడాలి. కొత్త స్లైడు వచ్చినప్పుడు రెండు మూడు క్షణాలు మౌనం వహిస్తే శ్రోతలు దానిని చూసి మళ్లీ వక్తవైపు తిరుగుతారు. ఈ చిన్న మౌనానికి భయపడి గడగడా మాట్లాడేవారే ఎక్కువ. తెరతో పనిలేని సంగతి చెబుతున్నప్పుడు, పవర్‌పాయింట్ ప్రదర్శనలో బి అక్షరపు మీట నొక్కితే తెర నల్లబడుతుంది. మళ్లీ నొక్కితే స్లైడు తిరిగి వస్తుంది. గదిలోని కళ్లన్నీ ఒక్కసారిగా వక్త మీదికి మళ్లడం అప్పుడు గమనించవచ్చు. లేజరు కాంతిని తెర అంతటా ఆడించడం కంటె చూపవలసినచోట ఒక క్షణం నిలిపి ఆర్పివేయడం మేలు.

సాధన మనసులో చేసుకొంటే చాలదు. గొంతెత్తి, గడియారం ఎదుట పెట్టుకొని, కనీసం మూడుసార్లు చేయాలి. మనసులో ఏడు నిమిషాలు పట్టిన ప్రసంగం నోటితో పది నిమిషాలు దాటడం సర్వసాధారణం. సమయం మించుతుందని తేలినప్పుడు వేగం పెంచడం కాదు, స్లైడు తగ్గించడం పరిష్కారం. ప్రసంగం రోజున అరగంట ముందుగా వెళ్లి, ప్రొజెక్టరుకు తన కంప్యూటరు తీగ సరిపోతున్నదో లేదో చూసుకొని, గది చివరి బల్ల వద్ద కూర్చొని తన స్లైడును తానే చదివి చూడాలి. కిటికీల నుంచి వెలుతురు పడే గదిలో నల్లని నేపథ్యం మీది తెల్లని అక్షరాలు వెలవెలబోతాయి. లేత నేపథ్యం మీద ముదురు అక్షరాలే నిలుస్తాయి. విద్యుత్తు పోవచ్చు. ప్రధాన చిత్రాలను రెండు మూడింటిని పెద్ద కాగితాల మీద గీసి దగ్గర ఉంచుకొన్నవారి ప్రసంగం ఆగదు.

చివరి స్లైడుగా గులాబీపూల నడుమ 'ధన్యవాదములు' అని చూపడం పరిపాటి అయింది. కృతజ్ఞత నోటితో చెప్పవలసిన మాట. ప్రశ్నలకు కేటాయించిన సమయమంతా తెర మీద నిలిచి ఉండే స్లైడు అదే కనుక, ఆ చోట ప్రసంగంలోని ముఖ్య చిత్రాన్ని, ఉదాహరణకు అడ్డగీత దాటిన బావుల పట్టీలను, ఉంచడం ప్రయోజనకరం. అడిగేవారు దానిని చూస్తూ 'ఆ నాలుగో బావి ఎవరి పొలంలోది? దాని పక్క బావిలో ఫ్లోరైడు ఎందుకు తక్కువ ఉన్నది?' అని అడుగుతారు. అటువంటి ప్రశ్నలను ముందే ఊహించి, బావుల లోతు, నేల స్వభావం వంటి వివరాలున్న స్లైడులను రెండు మూడింటిని వరుస చివర సిద్ధంగా ఉంచుకోవచ్చు. అవి అవసరపడితేనే తెర మీదికి వస్తాయి. పరీక్షల పూర్తి పట్టికను మాత్రం కాగితం మీద ముద్రించి, సభ ముగిసిన తరువాత ఊరివారి చేతికి అందించాలి. ఏ బావి నీరు తాగాలో, ఏది మానాలో ఇంటికి వెళ్లి వారు చూసుకొనేది ఆ కాగితంలోనే.